తప్పంతా బీటాదే!

రోగం ఎలా పాకుతుందో కాగితం మీద లెక్కగట్టే శాస్త్రం ఒకటుంది. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు జనాన్ని మూడు గడుల్లో కూర్చోబెట్టారు. రోగం రాదగ్గవాళ్లు. వచ్చినవాళ్లు. ‘తొలగిపోయినవాళ్లు’. మొదటి గడిలోంచి రెండో గడిలోకి ఎంత వేగంగా జారతామో చెప్పే అంకెకు బీటా అని పేరు. ఎంతమందిని కలుస్తాం, ఎక్కడ తుమ్ముతాం, చేతులు కడుగుతామా లేదా... మన నడవడి మొత్తం ఆ ఒక్క గ్రీకు అక్షరంలో మూట కట్టేశారు.

శాస్త్రంతో పేచీ లేదు. పేచీ అల్లా ఆ అక్షరాన్ని కర్రలా పట్టుకుని మనల్ని బాదేవాళ్లతోనే. ఏ రోగమొచ్చినా మైకు ముందు ఒకటే పాట: ‘ప్రజల నిర్లక్ష్యం’. సరే, ఒప్పుకున్నాం. మరి మీ నడవడి సంగతేటి బావూ?

2020 లెక్క తీద్దాం. రాష్ట్రమంతా కరోనా పాకుతుంటే శ్రీకాకుళం, విజయనగరం సున్నా దగ్గర నిలబడ్డాయి. శ్రీకాకుళంలో ఏప్రిల్ 25న తొలి కేసులు తేలాయి. విజయనగరం మే 7 దాకా ఆగింది. రాష్ట్రంలో అదే ఆఖరు. సున్నా ఉన్నన్నాళ్లూ అది యంత్రాంగం ఘనత. అంకె పడిన మర్నాటి నుంచి వలస కూలీ పాపం! గుజరాత్ వెరావల్‌లో పడవెక్కినవాడు, చెన్నైలో ఇటుక మోసినవాడు సరదాకి వెళ్లాడా? ఊళ్లో పనుంటే ఊరెందుకు విడుస్తాడు? ఆ పని లేకపోవడాన్ని ఏ సమీకరణంలో రాశారు?

జూన్ నెల. పలాస. కరోనా సోకిన ఓ పెద్దాయన చనిపోయాడు. తీసుకెళ్లడానికి ఏ బండి వచ్చింది? జేసీబీ. కాలవ పూడిక ఎత్తే బకెట్‌లో మనిషిని ఎత్తుకుపోయారు. రాష్ట్రమంతా ఛీ అన్నాక మున్సిపల్ కమిషనర్, శానిటరీ ఇన్‌స్పెక్టర్ సస్పెండయ్యారు. జేసీబీ మాత్రం యథావిధిగా డ్యూటీకెళ్లింది. ఇప్పుడు చెప్పండి. ఆ బకెట్ చూసినవాడు జ్వరమొస్తే టెస్టుకు వెళ్తాడా, దుప్పటి కప్పుకుని ఇంట్లో పడుకుంటాడా? భయం కూడా నడవడే. రోగం దాచుకోవడం కూడా బీటాయే. దాన్ని పెంచిందెవరు?

ఇక ఎన్నికల వైద్యం. 2020 మార్చి 15న ఎన్నికల కమిషనర్ కరోనా అని స్థానిక ఎన్నికలు ఆపారు. పారాసిటమాల్, బ్లీచింగ్ పౌడర్ ఉంటే చాలదా అని అప్పటి ముఖ్యమంత్రి మండిపడ్డారు. ఏడాది తిరక్కుండానే ఇద్దరి మాటలూ తారుమారయ్యాయి. కమిషనర్ ఎన్నికలు పెడతానన్నారు. ప్రభుత్వం అమ్మో కరోనా అని సుప్రీంకోర్టు దాకా పరుగెత్తింది. 2021 జనవరి 25న కోర్టు కాదు పొమ్మంది. వైరస్ అదే. జనం వాళ్లే. మారిందేమిటి? ఎవరికి ఎప్పుడు ఓట్లు కావాలన్నదే! ఫిబ్రవరిలో పంచాయతీలు, మార్చిలో మున్సిపాలిటీలు, ఏప్రిల్ 8న పరిషత్తులు. ఆ వారంలో దేశంలో రోజుకు లక్షకు పైగా కేసులు. పెళ్లికి పిలిచే చుట్టాల లెక్క చూసినవాళ్లకు క్యూలైన్ల లెక్క కనబడలేదు.

అంతకుముందు 2020 అక్టోబరులో, మన తెలుగువాడే, ప్రొఫెసర్ విద్యాసాగర్ నాయకత్వంలోని కమిటీ గణితం చెప్పింది. జాగ్రత్తలు పాటిస్తే ఫిబ్రవరికల్లా కరోనా అదుపులోకి రావచ్చని. ‘అదుపులోకి’ అన్న మాట ఢిల్లీ దాకా వినబడింది. ‘పాటిస్తే’ అన్న మాట దారిలో ఎక్కడో జారిపోయింది. మే మొదటివారంలో రోజుకు నాలుగు లక్షల కేసులు దాటాయి. ఆక్సిజన్ సిలిండర్ కోసం తాళిబొట్టు తాకట్టు పెట్టినప్పుడు ‘పాటిస్తే’ గుర్తొచ్చింది. అది కూడా మనం పాటించలేదనే!

కరోనా పోయిందిగా అంటారా? 2024 అక్టోబరు. విజయనగరం జిల్లా గుర్ల. విరేచనాలతో ఊరు మంచానపడింది. ఎందరు పోయారు? అధికారుల లెక్కలో ఒక్కరే, మిగతావాళ్లు వేరే జబ్బులతోనట. ఉపముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ వచ్చి పది కుటుంబాలకు తలా లక్ష ప్రకటించారు. కాదు, ఇంకా ఎక్కువని ప్రతిపక్షం. కెర్మాక్ గారి మూడో గడిలో కోలుకున్నవాడూ, పోయినవాడూ ఒకటే. మనవాళ్లు ఆయన్ని మించారు. పోయినవాళ్లకే రెండు గడులు గీశారు!

కారణమేమిటంటే మళ్లీ పాత పాటే. చంపావతి గట్టున బహిరంగ మలవిసర్జన. నిజమే. కానీ 2019 అక్టోబరు 2నే కదా, దేశంలోని పల్లెల్లో అది లేదని సబర్మతి ఒడ్డున ప్రకటించారు? లేనిది గుర్లకు ఎలా వచ్చింది? మరుగుదొడ్డి కట్టి ఫొటో తీశారు. అందులో పోసుకోవడానికి నీళ్లెవరిస్తారు? పాత సర్కారు పాపమని కొత్త సర్కారు, కొత్త సర్కారు పాపమని పాత సర్కారు. కుళాయిలో మాత్రం ఇద్దరి పాపమూ కలిసే వచ్చింది.

మా ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు మీద నీలం రంగుతో ఒక చదరం గీసి ఉంది. పైన ‘శుభ్రపరచిన తేదీ’ అని అందమైన అక్షరాలు. లోపల ఏమీ లేదు. రంగు వేసినరోజు నుంచీ ఖాళీయే. దాని కిందే కుళాయి గుంట. గుంటలోకి కాలవ నీళ్లు ఊరుతుంటాయి. బిందె మునగాలంటే మా అప్ప ఆ గుంటలోకి దిగాల్సిందే. గోడ మీదేమో ‘చేతులు కడుక్కోండి’ అని ఉపదేశం. ఏ నీళ్లతో కడుక్కోమంటారు సార్? ఆ కాలవ నీళ్లతోనా?

లెక్కలు కట్టే పెద్దలకు ఒక్క మనవి. మా చేతులు, మా తుమ్ములు, మా ప్రయాణాలు అన్నీ కొలవండి. మాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఒకసారి మా ట్యాంకు దగ్గరకు కూడా రండి. నిచ్చెన మేం పట్టుకుంటాం. ఆ ఖాళీ చదరాన్ని కూడా ఎవరి నడవడి కిందైనా రాసుకోండి.