పిండింది పండునా, పర్సునా?

2016లో అమెరికాలో జూసెరో అనే జ్యూసర్ వచ్చింది. ధర 699 డాలర్లు! తరిగిన పండ్లు, కూరల ప్యాకెట్లు కంపెనీ దగ్గరే కొనాలి. వైఫై ద్వారా ప్యాకెట్ మీది కోడ్ చదివి, గడువు దాటితే ‘పిండను పొమ్మని’ మొరాయిస్తుంది. రేషన్ షాపు వేలిముద్ర మిషన్‌కు తమ్ముడన్నమాట. పెట్టుబడిదారులు దీని మీద సుమారు 12 కోట్ల డాలర్లు కుమ్మరించారు.

2017 ఏప్రిల్‌లో బ్లూమ్‌బర్గ్ విలేకరులు ఆ ప్యాకెట్‌ను ఉత్త చేత్తో పిండి చూశారు. రసం దాదాపు అంతే వచ్చింది, అదీ మిషన్ కన్నా త్వరగా. సెప్టెంబరుకల్లా దుకాణం బంద్.

ఇప్పుడు మన ఇళ్లలో కోల్డ్ ప్రెస్ జ్యూసర్ల జ్వరం. మొదటి వారం బీట్‌రూట్ రసం, ఫొటోలు. రెండో వారం జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్న పిప్పిని బ్రష్‌తో గీకుతూ సణుగుడు. మూడో వారం మిషన్ అటకెక్కుతుంది, పాత ఇడ్లీ పాత్ర పక్కకి. ఇంతకీ పీచులో ఎక్కువ భాగం చెత్తబుట్టలో వేసిన ఆ పిప్పిలోనే పోయింది. రసం కన్నా పండు తినడమే మేలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పనే చెప్పింది.

అయినా కొంటానంటారా? మోటారు వాట్లు తర్వాత చూద్దురుగాని, ముందు జల్లెడ కడిగేదెవరో ఇంట్లో తేల్చుకోండి.