గద్దీ దిగకుండా గండం గడిపే చిట్కాలు

కోల్‌కతా బడాబజార్‌లో చీరల కొట్టు నడిపిన అనుభవంతో చెబుతున్నాను. 2020 మార్చి 25న కరోనా వల్ల దేశమంతా తాళం పడింది. బెంగాలీ ఏడాది చివర్లో వచ్చే చైత్ర సేల్ కోసం తెప్పించిన మూటలు విప్పకుండానే ఉండిపోయాయి. అప్పటి నుంచి సర్కారు సాయాల మీద సాయాలు, రూల్స్ మీద రూల్స్ ప్రకటించింది. వాటి వెంట పరుగెత్తి చాలామంది ఒళ్లు హూనం చేసుకున్నారు. మళ్లీ అలాంటి కాలం వస్తే మీరు మాత్రం ఇలా చేయండి.

1. ఉత్తర్వు చదవకండి. పక్క కొట్టు ఆయన్ని అడగండి. ఆయన మిమ్మల్ని అడుగుతాడు. ఇద్దరూ ఒకే మాట మీద ఉంటారు, బజార్లో అదే బలం.

2. మారటోరియం అంటే మాఫీ అనుకోండి. రిజర్వు బ్యాంకు 2020లో మొదట మే నెలాఖరు దాకా, తర్వాత ఆగస్టు 31 దాకా వాయిదాలు ఆపుకోవచ్చంది. వడ్డీ నడుస్తూనే ఉంటుందని కూడా అంది. ఆ మాట దగ్గర చెవులు మూసుకోండి. పది లక్షల బాకీకి నూటికి 12 చొప్పున ఆరు నెలలకు 60 వేలు పెరుగుతుంది. పెరగనివ్వండి, ఆ రోజు జేబులోంచి పోలేదు కదా! నవంబరులో సర్కారు తిరిగిచ్చిన వడ్డీ మీద వడ్డీ తాలూకు నాలుగు డబ్బులు ఖాతాలో పడితే, మొత్తం వడ్డీ తిరిగొచ్చేసిందని ఇంట్లో చెప్పండి.

3. సర్కారు గ్యారంటీ అప్పు తప్పక తీసుకోండి. 2020 ఫిబ్రవరి 29 నాటి బాకీలో 20 శాతం ఇచ్చారు. తాకట్టు లేదు, మొదటి ఏడాది అసలు కట్టక్కర్లేదు, వడ్డీ కడితే చాలు, గడువు నాలుగేళ్లు. దాన్ని సరుకులో పెట్టకండి, కారు కొనండి. సరుకు పంపిన సూరత్ పార్టీ పాత బాకీకి ఫోన్ చేస్తే, "ఇంకా శాంక్షన్ కాలేదు భాయ్" అనండి. కారు హారన్ వినబడకుండా చూసుకోండి.

4. పనివాళ్ల పేర్లు ఎక్కడా రాయకండి. వందమంది లోపు పనివాళ్లుండి, అందులో నూటికి తొంభైమంది జీతం 15 వేలలోపైతే, పీఎఫ్‌లో యజమాని వాటా 12 శాతం, పనివాడి వాటా 12 శాతం రెండూ కేంద్రమే కట్టింది. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా కట్టింది. కాని నెలనెలా జాబితా ఎక్కించాలి. అంత ఓపిక ఎవరికుంది? వదిలేయండి.

5. షట్టర్ విద్య నేర్చుకోండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. 2021 మే 16 నుంచి బెంగాల్లో మళ్లీ తాళం వేసినప్పుడు మిఠాయి కొట్లకు పొద్దున పది నుంచి ఐదు దాకా, చీరల కొట్లకు పన్నెండు నుంచి మూడు దాకా అనుమతిచ్చారు. ఆ మూడు గంటలూ భోంచేసి పడుకోండి. సాయంత్రం షట్టర్ రెండు జానలు ఎత్తండి. మెట్టు మీద కుర్రాణ్ణి కూర్చోబెట్టి చేతికి మట్టికప్పులో టీ ఇవ్వండి. ఖాకీ చొక్కా కనబడగానే వాడు కప్పు నేలకేసి కొట్టాలి. ఆ చప్పుడుకు లోపల లైటు ఆర్పేసి, కొనేవాళ్లను మూటల వెనక కూర్చోబెట్టాలి. మా కొట్లో ఓసారి తొమ్మిదిమంది ముప్పావుగంట అలా కూర్చున్నారు. ఉక్కగా ఉందంటే మాస్కులు నేనే తీసేయమన్నాను. ఒక్క చీరా అమ్ముడుపోలేదు గాని జరిమానా తప్పింది! వారం తిరక్కుండా కుర్రాడికీ నాకూ జ్వరం. పద్నాలుగు రోజులు కొట్టు మూసేశాం. అద్దె వసూలుకొచ్చినాయనకు చెప్పడానికి అంతకంటే గట్టి సాకు దొరకదు.

6. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ రేపు చేయండి. ఆధార్, పాన్ కావాలి, రుసుము లేదు. మనలాంటి టోకు, చిల్లర వర్తకులకు 2021 జులైలో అవకాశమిచ్చారు. ఎవరైనా గుర్తుచేస్తే "సర్వర్ డౌన్" అనండి. మరీ పట్టుబడితే ఏజెంటు చేతిలో రెండు వేలు పెట్టి మరిచిపోండి.

7. చిట్టా, ఆవర్జా ఖాళీగా ఉంచండి. బెంగాలీ కొత్త ఏడాది పొయిలా బోయిశాఖ్ నాడు ఎర్రగుడ్డ అట్ట ఖాతా కొని, సిందూరంలో ముంచిన రూపాయి బిళ్లతో మొదటి పేజీ మీద ముద్ర వేయించండి. రెండో పేజీ ముట్టుకోకండి. అమ్మకాలన్నీ కచ్చా చీటీల మీదే సాగించండి. కొత్త అప్పుకు వెళ్లినప్పుడు బ్యాంకాయన టర్నోవర్ అడిగితే ఆ సిందూరం పేజీ చూపించండి.

8. చివరికి బాకీ కట్టమని బ్యాంకు నుంచి అరవై రోజుల నోటీసు వస్తుంది. సంతకం పెట్టి తీసుకోండి, తెరవకండి, కొట్లో కూర్చునే గద్దీ పరుపు కింద పెట్టండి. ఆ అరవై రోజులూ నేను మధ్యాహ్నాలు దాని మీదే నిద్రపోయాను.