ప్యానెల్ గారు

ప్యానెల్ గారికి పేరుండదు. హెచ్‌ఆర్ అమ్మాయి "ఈ శనివారం ప్యానెల్ ఎవరున్నారు?" అంటుంది, ఈయన ఉంటారు. వారమంతా స్టాండప్‌లో మేనేజర్ ఏమన్నా తలూపే మనిషి. ఇంటర్వ్యూల డ్రైవ్ పెట్టిన శనివారం మాత్రం ఎదుటివాడు తలూపుతాడు. మాదాపూర్‌లో అంతకు మించిన పండగ లేదాయనకి.

రెజ్యూమె ఇంటర్వ్యూ మొదలయ్యాకే తెరుస్తారు. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అనేది అందుకే. అవతలివాడు ఆ పాఠం అప్పజెప్పేలోపు చదువుకోవాలి కదా!

ఆ వెంటనే హ్యాష్‌మ్యాప్. లోపల ఎలా పనిచేస్తుంది? మొదట 16 బకెట్లు, ముప్పావు వంతు దాటితే రెట్టింపు. ఇంతవరకూ అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ మెట్లెక్కిన ఎవడైనా చెప్తాడు. ఈయన వదలరు. ఒకే బకెట్‌లో గొలుసు ఎనిమిది దాటితే? 2014లో వచ్చిన జావా 8 నుంచి ఆ గొలుసు చెట్టుగా మారుతుందనీ, అదీ టేబుల్ సైజు 64 అయినా ఉంటేనే అనీ చెప్పాలి. కుర్రాడు ఆ 64 దగ్గర ఆగాడా, ఈయన ముఖంలో వెలుగు చూడాలి. ఆ 64 సంగతి ఈయనకి తెలిసింది పొద్దున టిఫిన్ చేస్తూ. సోమవారం నుంచి ఈయన చేసేదల్లా 'న్యూ హ్యాష్‌మ్యాప్' అని కొట్టి కింది లైనుకి పోవడం.

జేడీ, అంటే ఉద్యోగానికి ఏమేం కావాలో చెప్పే ప్రకటన, రాసేదీ ఈయనే. ఫాస్ట్‌ఏపీఐని తయారుచేసిన సెబాస్టియన్ రామిరెజ్‌కి 2020లో ఓ ఉద్యోగ ప్రకటన కనపడింది. ఫాస్ట్‌ఏపీఐలో నాలుగేళ్లకు పైగా అనుభవం కావాలట. దాన్ని పుట్టించిన మనిషికే అప్పటికి ఏడాదిన్నర. ఆయన ట్విటర్‌లో పెట్టిన ఆ ముక్క తిరిగి తిరిగి ప్యానెల్ గారి వాట్సాప్‌కీ వచ్చింది. పగలబడి నవ్వి, టీమంతటికీ పంపి, తన జేడీలో ఉన్న ఐదేళ్లని ఐదేళ్లుగానే ఉంచారు.

ఆన్‌లైన్ రౌండ్లు వచ్చాక ఆయనలో పోలీసు నిద్రలేచాడు. తప్పు పట్టలేం. పెదాలు ఒకడివి, గొంతు ఇంకొకడిది అయిన ప్రాక్సీలు నిజంగానే వచ్చారు. ఇప్పుడు చాట్‌జీపీటీ భయం ఒకటి.

"కెమెరా ఓసారి గదంతా తిప్పండి. ఆ మంచం మీద ఎవరు?"

"మా నాన్నమ్మండీ. పడుకుంది."

"సరే. కళ్లు మూసుకుని చెప్పండి, డెడ్‌లాక్ అంటే ఏంటి?"

కుర్రాడు కళ్లు మూసుకుని గడగడా అందుకున్నాడు. ఆ చప్పుడికి నాన్నమ్మ లేచి, మనవడు స్తోత్రం చదువుతున్నాడనుకుని తనూ చేతులు జోడించింది.

ఇదంతా ముప్పావుగంట ఇంగ్లిష్‌లోనే నడిచాక ప్యానెల్ గారు కుర్చీలో వెనక్కి వాలారు.

"బై ది వే, తెలుగేనా?"

"అవునండీ, తెనాలి."

"అరె, మా తోడల్లుడిదీ తెనాలే! ఏ వీధి?"

ఇక హ్యాష్‌మ్యాప్ ఎవడిక్కావాలి! ఆ ఊపులోనే అసలు ప్రశ్న వచ్చేసింది. ఇంతసేపూ ఆయన వెతుకుతున్నది దీని జవాబు కోసమే. "నోటీస్ పీరియడ్ ఎంత?"

"తొంభై రోజులండీ."

తోడల్లుడు, తెనాలి, అన్నీ ఆవిరైపోయాయి. వచ్చే నెల రిలీజ్. ఈయన సొంత ఆఫర్ లెటర్‌లోనూ తొంభై రోజులే ఉంది. అది వేరే సంగతి.

ఫీడ్‌బ్యాక్ ఫారంలో 'నోటీస్ ఎక్కువ' అని టిక్కు పెట్టే గడి లేదు. అందుకని "కలెక్షన్స్‌లో ఇంప్రూవ్ అవ్వాలి" అని రాశారు. గొలుసు ఎనిమిది దాటితే "ఎర్రర్ వస్తుందండీ" అన్న ఇంకో కుర్రాడికి పదిహేను రోజులే మిగిలాయి. వాడికి "స్ట్రాంగ్ ఫండమెంటల్స్".

స్ట్రాంగ్ ఫండమెంటల్స్ ఈ ఆఫర్ చూపించి ఇంకోచోట ఎక్కువకి బేరమాడుకున్నాడు. జాయినింగ్ రోజు ఫోన్ స్విచాఫ్. ఆ మధ్యాహ్నం ప్యానెల్ గారు క్యాంటీన్ మూలకి నడిచి, గొంతు తగ్గించి తెనాలి కుర్రాడికి ఫోన్ కలిపారు.

"బ్రో, పేపర్స్ పెట్టేశావా? ఆ తొంభైలో ఎన్ని అయ్యాయి?"