ఎర్రలు ఎక్కడ బతకాలి?

మా రోజుల్లో ఎర్రల్ని, అంటే వానపాముల్ని, ఎవరూ కొనేవాళ్లు కాదు. ఇప్పుడు సంచుల్లో పోసి కిలోల లెక్కన అమ్ముతున్నారు, మనవాళ్లు కొంటున్నారు. కొనడాన్ని తప్పుబట్టను. సొంత చేలో ఉన్నవాటిని చంపుకుని, బజారు నుంచి వేరేవి తెచ్చుకోవడం చూస్తేనే ఒళ్లు మండుతుంది.

తొలకరి పడి నేల పదునెక్కితే నాగళ్లు కట్టేవాళ్లం. చాలు వెంట కొంగలు దిగేవి. కర్రు పెళ్లగించిన ప్రతి పెడ్డలో వాటికి తిండి దొరికేది. ఆ పెడ్డను చేత్తో విరిస్తే నిలువునా దిగిన బొక్కలు కనిపించేవి. ఎర్ర ఒంటి జిగురు తగిలి లోపలి గోడలు నున్నబడి ఉండేవి. బొక్క నోటి దగ్గర అది విడిచిన మట్టి ఉండలు చిన్న కుప్పగా పేరుకునేవి. వాన నీళ్లు ఆ బొక్కల వెంటే లోపలికి ఇంకేవి, వరి, కంది వేళ్లు ఆ దారినే దిగేవి.

ఇంగ్లండులో డార్విన్ ఈ ఎర్రల మీద ఏళ్ల తరబడి కూర్చుని, 1881లో ఏకంగా ఒక పుస్తకం అచ్చేయించాడు. అక్కడ చాలాచోట్ల ఎకరానికి ఏటా 10 టన్నులకు పైగా మట్టి ఎర్రల కడుపులోంచి వెళ్తుందని లెక్క కట్టాడు. కూలి అడగని ఈ దుక్కి విలువ మా పెద్దలకు పుస్తకం చదవకుండానే తెలుసు.

ఎర్రకు ముక్కు లేదు, ఊపిరితిత్తులు లేవు. తడి చర్మంతోనే గాలి పీలుస్తుంది. చర్మం ఎండిందా, చచ్చిందే. అందుకే ఎండాకాలం నేల లోతుకు దిగి, చిన్న గూడు చేసుకుని, ఒళ్లు ముడి వేసుకుని తొలకరి దాకా పడుకుంటుంది. ఇప్పటివాళ్లు దాన్ని బతకనివ్వడం లేదు. రోటవేటరు పై మట్టినంతా చిలికేస్తుంది. కొయ్యకాళ్లకు నిప్పు పెడితే పైకొచ్చి తినడానికి ఆకు మిగలదు. గుళికల మందు చల్లితే పురుగుతో పాటు ఎర్రా పోతుంది. గట్లను సైతం చెక్కి సాలు కలుపుకుంటున్నారు.

ఆపైన వర్మీకంపోస్టు ఎర్రల్ని తెచ్చి చేలో వదులుతున్నారు! ఐసీనియా ఫెటిడా యూరప్‌ది, యూడ్రిలస్ ఆఫ్రికాది. అవి పేడకుప్పల్లో, కుళ్లిన చెత్తలో పైపైన బతికే రకాలు. తొట్టిలో ఎరువు చేయడానికి బంగారం లాంటివే. కానీ మన మెట్ట చేలో మండుటెండకు అవి నిలవవు, లోతుకు తవ్వవు. ఆ పని మన నేలలో పుట్టి పెరిగిన లాంపిటో మారిటీ లాంటి రకాలదే. వాటిని దుకాణాల్లో సాధారణంగా అమ్మరు.

మా రోజుల్లో అంతా బాగుందని అనను. దిగుడుబావి నీళ్లు తాగి నారికురుపుతో మంచాన పడ్డవాళ్లు ఎందరో. మీటరు దాకా పొడవుండే ఆ పురుగు ఏడాది పాటు మనిషి ఒంట్లో పెరిగి, కాలి పుండులోంచి బయటికొచ్చి, నీళ్లు తగలగానే పిల్లల్ని వదిలేది. నీళ్లలో ఉండే నలుసంత జీవి ఆ పిల్లల్ని మింగేది, ఆ నీళ్లు తాగినవాడికి మళ్లీ అదే గతి. నీళ్లు గుడ్డతో వడకట్టించారు, దిగుడుబావుల్ని మూయించారు, 1996 తర్వాత దేశంలో ఒక్క కేసూ లేదు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి ఆ పీడ వదిలిందని ప్రకటించింది. ఇప్పటి కాలానికి ఆ ఘనత ఇవ్వాల్సిందే.

నారిపురుగు ఎక్కడ బతుకుతుందో కనిపెట్టి దాన్ని లేకుండా చేశారు. ఆ శ్రద్ధలో సగం ఎర్ర మీద పెట్టినా మన నేలలు ఇలా గట్టిపడేవి కావు. కొయ్యకాళ్లు కాల్చకండి. ఎకరానికి నాలుగు బండ్ల పశువుల ఎరువు తోలండి. గట్టు మీద గడ్డిని బతకనివ్వండి. రెండు మూడు కార్లు ఓపిక పడితే ఎర్రలు వాటంతటవే తిరిగొస్తాయి, రూపాయి పెట్టి కొనే పని లేదు.