గీత లోపలా, బయటా?

మా రాజాం వైపు ఊళ్లలో సంక్రాంతికి కబడ్డీ పోటీలు పెడితే కోర్టుకి గీతలు ముగ్గుపిండితోనే పోస్తారు. పొద్దున్న గీత గీతలాగే ఉంటుంది. రెండో ఆటకల్లా సగం గాలికి, సగం ఆటగాళ్ల అరికాళ్లకి పోయి, మిగిలినది ఊరి పెద్దల జ్ఞాపకంలో ఉంటుంది. ఆ తర్వాత జరిగేదంతా ఆ జ్ఞాపకాల మధ్య పోటీయే.

అలాంటి గీత దగ్గర నన్ను కాపలా పెట్టడం మా బావకి ఆనవాయితీ. ఉద్యోగరీత్యా విజయనగరంలో ఉంటాను కాబట్టి బయటివాణ్ణట, పక్షపాతం ఉండదట. నిజానికి ఒక జట్టులో మా పెద్దమ్మ మనవలుంటారు, ఇంకో జట్టులో మా ఆవిడ తరఫువాళ్లు. ఎటు విజిల్ ఊదినా ఒకింట్లో అరిసెలు పోతాయి. ఎవరింట్లో అరిసెలు మెత్తగా ఉంటాయో నాకు బాగా తెలుసు. తీర్పులో ఆ సంగతి ఎప్పుడూ పరిగణించలేదని మాత్రం ప్రమాణం చేయలేను.

ఇక సాక్ష్యాలు. "గీత తొక్కీసినాడు బాబూ, అరికాలు సూడండి" అని ఎదుటి జట్టువాడు అరుస్తాడు. అరికాలు తెల్లగా ఉంటే నేరం రుజువైనట్టే. అందుకే ఆరితేరిన ఆటగాడు పడి లేస్తూ లేస్తూనే అరికాలు పిక్కకి రాసేసుకుంటాడు. అప్పుడు పిక్కని సాక్షిగా పిలుస్తారు. "ఈ ముగ్గు ఇక్కడిది కాదు, పొద్దున్న మా ఇంటి ముంగిట తొక్కినాను" అంటాడు వాడు. సంక్రాంతి పూట ఆ వాదనని కొట్టేయగల జడ్జి సుప్రీంకోర్టులో కూడా లేడు.

ఇందులో అసలు తమాషా ఏమిటంటే, ఇంత రగడా అక్కర్లేనిది. కబడ్డీ నిబంధనల ప్రకారం 3 నుంచి 5 సెంటీమీటర్ల వెడల్పుండే ఆ గీత కోర్టులో భాగమే. దాన్ని దాటి అవతలి నేల తాకితే అవుట్ గానీ, గీత మీద కాలు పడినంత మాత్రాన కొంపేం మునగదు. ఈ ముక్క చెబితే మా బావ నన్ను జాలిగా చూశాడు. "రూలు మీ ఇజీనారంలో అలాగుంటాదేమో. ఇక్కడ ముగ్గు తొక్కితే అవుటే" అన్నాడు. పోనీ, అలాగే కానివ్వండి. గీత ఎటువైపుదన్నది ఏ ఆటకా ఆట నిర్ణయించుకునేదే. టెన్నిస్‌లో, ఫుట్‌బాల్‌లో గీత లోపలిది. బాస్కెట్‌బాల్‌లో బయటిది. క్రికెట్‌లో బంతి పట్టుకున్న ఫీల్డర్ కాలి బొటనవేలు తాడుకి తగిలినా బౌండరీయే. మా ఊళ్లో మాత్రం ఒకే గీత, కూతకెళ్లినవాడు ఎవరి కొడుకన్నదాన్ని బట్టి, లోపలా ఉంటుంది, బయటా ఉంటుంది.

మా ఊరిని అనడం ఎందుకు? 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పురుషుల కబడ్డీ ఫైనల్, భారత్, ఇరాన్. ఆఖరి నిమిషాల్లో స్కోరు 28-28. పవన్ సెహ్రావత్ కూతకెళ్లాడు, ఎవరినీ తాకకుండానే లాబీలోకి వెళ్లిపోయాడు. లాబీ అంటే కోర్టుకి రెండు పక్కలా మీటరు వెడల్పున ఉండే పట్టీ. తాకిడి జరిగి పెనుగులాట మొదలైతేనే అది కోర్టులో కలుస్తుంది, అంతదాకా బయటి నేలే. ఆయన వెనకాలే ఇరాన్ వాళ్లు నలుగురు లాబీలోకి దూకారు. పాత రూలు ప్రకారం వెళ్లినవాడూ అవుటే, వెంటపడిన నలుగురూ అవుటే. కొత్త రూలు ప్రకారం చెరొక పాయింటు. ఏ రూలు నడుస్తోందో నిర్వాహకులే తేల్చుకోలేకపోయారు. తీర్పు ఇటు తిరిగింది, అటు తిరిగింది, ఆటగాళ్లు కోర్టు మీదే కూర్చుండిపోయారు. సుమారు గంటసేపు ఆట ఆగిపోయింది. చివరికి భారత్ 33-29తో గెలిచింది. ఆ గంటసేపూ టీవీ ముందు మా బావ ముఖం చూడాలి! చైనాలో, అంత పెద్ద వేదిక మీద, అచ్చం మా ఊరి కమిటీయే కూర్చున్నట్టనిపించి పొంగిపోయాడు.

గీత మీద ఇంత పట్టింపున్న ఇంకో ఆట సంగతి అమెరికాలో ఉన్న మా మేనల్లుడి వల్ల తెలిసింది. డిస్క్ గోల్ఫ్ అంటారు. అప్పడమంత పల్చటి ప్లాస్టిక్ పళ్లేన్ని విసురుకుంటూ పోయి గొలుసులు వేలాడే బుట్టలో వేయాలి, తక్కువ విసుర్లలో వేసినవాడు మొనగాడు. ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1976లో దీనికో సంఘం పెట్టాడు. అక్కడ హద్దు గీత బయటి నేలలోకే లెక్క. అయితే పళ్లెం మొత్తంగా బయట పడితేనే తప్పు, అంచు కాస్తంత లోపలున్నా లోపలున్నట్టే. బయట పడితే స్కోరుకి ఒక విసురు కలుపుతారు. హద్దు దాటిన చోటి నుంచి మీటరు లోపలికొచ్చి మళ్లీ విసరొచ్చు.

"మావయ్యా, ఇది అన్యాయం కాదూ? నిన్నటిదాకా అదంతా ఒకటే గడ్డి. పోటీ అని చెప్పి మధ్యలో తాడు కట్టారు. నిన్న పడ్డ చోటే పడింది, ఇవాళ శిక్ష" అని ఫోన్లో వాపోయాడు. చెరువో, రోడ్డో ఉంటే హద్దనుకోవచ్చు, ఉత్త గడ్డికి హద్దేమిటని వాడి బాధ. నాకు జాలి కలగలేదు. ఆ తాడు ఆట మొదలవక ముందే కట్టారు, అందరికీ ఒకే చోట కట్టారు. అంతకంటే ఏం కావాలిరా అన్నాను. ముగ్గుపిండి దగ్గర నిలబడినవాడికి తాడు దేవుడిలా కనిపిస్తుంది.

ఆ ఆటలో ఇంకో వింత ఉంది. తీర్పు ముందు కలిసి ఆడుతున్నవాళ్లే చెప్పుకుంటారు, మెజారిటీ మాట చెల్లుతుంది. మెజారిటీ తేలకపోతే విసిరినవాడికి మేలు చేసే అర్థమే తీసుకుంటారు. ఇది విని మా బావ ఉలిక్కిపడ్డాడు. "ఆడినోళ్లే తగువు తీర్చేసుకుంటే కమిటీ ఏటి సేస్తాది?"

హద్దుల విషయంలో మా విజయనగరానికి పాత చరిత్రే ఉంది. విజ్జీ, అంటే పూసపాటి విజయానంద గజపతిరాజు, 1936లో భారత క్రికెట్ జట్టుని కెప్టెన్‌గా ఇంగ్లండ్ తీసుకెళ్లాడు. ఆడిన మూడు టెస్టుల్లో చేసినవి 33 పరుగులు, కానీ ఆ పర్యటనలోనే సర్ బిరుదు వచ్చింది. జట్టులో అందరికన్నా బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్ క్రమశిక్షణ హద్దు దాటాడని, మొదటి టెస్టుకి ముందే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. తర్వాత బాంబే చీఫ్ జస్టిస్ సర్ జాన్ బోమంట్ అధ్యక్షతన విచారణ జరిగితే, అమర్‌నాథ్ తప్పు లేదనీ, కెప్టెన్సీయే బాగాలేదనీ తేలింది. ఆ హద్దు ఎక్కడుందో ఆటగాడికి కనిపించలేదు, అది కెప్టెన్ గారి బుర్రలో ఉంది మరి. మా ఊరి కమిటీవాళ్ల గీత కనీసం పొద్దున్న ఆరింటికైనా నేల మీద కనిపిస్తుంది.

ఇవన్నీ కూడగట్టుకుని ఈ ఏడు కమిటీ ముందు ఒక ప్రతిపాదన పెట్టాను. ముగ్గు మానేసి మేకులు దిగ్గొట్టి తాడు కడదాం, తొలి ఆటకి ముందే రూల్స్ మైకులో చదివేద్దాం అని. కమిటీ అంతా మౌనం. చివరికి మా బావే నోరు విప్పాడు. "రూల్స్ ముందే సదివేస్తే ఇంక తగువేటుంటాది? తగువు లేకపోతే జనాలెందుకొస్తారు బావా? సెనక్కాయలు అమ్ముకునేవోడు ఏటైపోవాల?"

రాత్రి పొద్దుపోయాక రాజీ కుదిరింది. తాడు కట్టడానికి ఒప్పుకున్నారు. రూల్స్ మైకులో చదవడానికీ ఒప్పుకున్నారు, ఫైనల్ అయిపోయాక, బహుమతులు ఇచ్చే ముందు.