కంప్యూటర్ ముట్టకుండ సి నేర్పుడెట్ల

తమ్మీ, కొత్తగ సారువైనవు, సంతోషం. సిద్దిపేటల ఇరవై ఏండ్లు సి చెప్పిన. నా దగ్గర నేర్చుకున్నోళ్లల్ల సొంతంగ ప్రోగ్రాం రాసెటోడు ఒక్కడు లేడు గని, పరీక్ష తప్పినోడు గూడ లేడు. ఆ విద్య నీకు అప్పజెప్పి పోత.

మొదటి పదిహేను రోజులు పోరగాండ్లను ల్యాబుకు రానియ్యకు. బోర్డు మీద ‘కంప్యూటర్ చరిత్ర’ అని రాయి. చార్లెస్ బాబేజ్ 1791ల పుట్టిండు, 1871ల పోయిండు. మూడుసార్లు రాయించు. ఆయన యంత్రానికి అట్టకార్డుల ఉపాయం యాడికెల్లి దొరికిందో మాత్రం చెప్పకు. ఫ్రాన్సుల జకార్డ్ అనెటాయన 1804ల మగ్గానికి చిల్లుల కార్డులు పెట్టిండు. చిల్లు ఉంటే పోగు లేస్తది, లేకుంటే లేవది. బాబేజ్ గదే తెచ్చుకున్నడు. ఇది చెప్పితివా, మన ఊరి పోరగాండ్లు "అంటే మగ్గమేనా సార్?" అంటరు. మగ్గం ఎరుకున్నోనికి భయం పోతది. భయం పోయినంక ట్యూషన్‌కు ఎవడొస్తడు?

ల్యాబుల టర్బో సి నే తెరువు. నీలి తెర, ముప్పై ఏండ్ల కిందటి సరుకు. ఇప్పటి విండోస్ మీద అది సక్కగ నడవది, డాస్‌బాక్స్ అనే సంచిల పెట్టి నడిపియ్యాలె. పైతాన్ ఉచితంగ దొరుకుతది, ఒక్క లైన్‌ల పేరు తెర మీద చూపిస్తది. అందుకే వద్దు. ‘వాయిడ్ మెయిన్’ ఏందని అడిగితే "గట్లనే రాయాలె" అను. 1989 సి ప్రమాణంల ‘ఇంట్ మెయిన్’ ఉన్నదని ఎవడన్న తెలివి చూపిస్తే, ఎక్స్‌టర్నల్ సారు మార్కులు కోస్తడని బెదిరియ్యి.

ఒక పొల్ల నాలుగో లైన్ చివర సెమికోలన్ మర్చిపోతది. టర్బో సి అయిదో లైన్ చూపెట్టి ‘స్టేట్‌మెంట్ మిస్సింగ్’ అంటది. పొల్ల ఆ అయిదో లైన్‌నే పది నిమిషాలు చూస్తది, చెరిపి మల్ల గదే కొడ్తది. నువ్వు పోయి ఆమెను పక్కకు జరిపి, కీబోర్డ్ గుంజుకొని, టప్పున సెమికోలన్ కొట్టి, ఏం మాట్లాడకుంట ఎల్లిపోవాలె. ‘తప్పు యాడ దొరికిందో కంపైలర్ చెప్తది, యాడ చేసినవో చెప్పది’ అని ఒక్క ముక్క అన్నవంటే, ఇగ నిన్ను ఎవరూ పిలవరు.

ఒకపారి ఒక పోరడు వాళ్ల బాపు పత్తి అమ్మిన పైసలు కలిపిండు. ఇరవై వేలు, ఇంకో ఇరవై వేలు. తెర మీద -25536 వచ్చింది. "సార్, పత్తి అమ్మితే అప్పెట్లయింది?" అన్నడు. టర్బో సి ల అంకె దాచే ‘ఇంట్’కు పదహారు బిట్లే. 32767 దాటితే మైనస్ అడుగుకు పోయి ఆడికెల్లి లెక్క మొదలైతది, బండి మీటరు తొమ్మిదులన్నీ దాటి సున్నకు తిరిగినట్టు. పది నిమిషాల ముచ్చట. చెప్పలేదు. "చిన్న అంకెలు వెయ్యిరా" అన్న. క్లాసంత నవ్వింది. వాడు గూడ నవ్విండు గని, పత్తికి అప్పయ్యుడు వానికి కొత్త గాదన్నట్టు నవ్విండు.

2023ల మన ఊరికి ఐటీ టవర్ వచ్చినంక కొలువుల ఆశ పెరిగింది, పోరగాండ్లకు కొదవ లేదు. వచ్చినోళ్లకు ఫ్లోచార్టులు స్టెన్సిల్‌తోని గీయించు, రికార్డు నింపించు, సంవత్సరం ఎల్లిపోతది.

లూపు చెప్పేనాడు మాత్రం పైలం. ఈ ఊర్ల గొల్లభామ చీర నేసే ఇండ్లున్నయి. తల మీద కుండతోని గొల్లభామ. పోగులు లెక్కవెట్టి, రంగు దారం చేతితోని ఎక్కించి, వరుస మీద వరుస నేస్తే ఒక బొమ్మ. బొమ్మ అయినంక అంచు పొడుగూత మల్ల గదే బొమ్మ. లూపుల లూపు. ఆ ఇంటి పిల్ల ఒకామె వెనక బెంచి మీదికెల్లి లేసి, "సార్, ఇది మా తాత నేసే బుట్టా లెక్కనే ఉన్నది గదా?" అంటది.

అప్పుడు తడబడకు. "సిలబస్‌ల ఉన్నదా?" అను. ఉండది. బాబేజ్ ఎప్పుడు పుట్టిండో అడుగు. ఆమెకు యాదికి రాది, కూసుంటది.