నాలుగు నిమిషాల మొనగాడు

ఆరోగ్యం కోసం వ్యాయామం మొదలెట్టానని ఇంట్లో చెప్పాను. మీ దగ్గర దాపరికమెందుకు, షటిల్ కోర్టులో ఓ కుర్రాడు నన్ను "అంకుల్" అన్నాడు. మర్యాదగా అన్నాడు కాబట్టే ఒళ్లు మండింది.

ఆ రాత్రి ఫోన్లో తబాతా పద్ధతి కనబడింది. 20 సెకన్లు ప్రాణం పెట్టి చెయ్యడం, 10 సెకన్లు ఆగడం, ఇలా ఎనిమిదిసార్లు. మొత్తం నాలుగే నిమిషాలు! ఉప్మాలోకి ఉల్లిపాయ తరిగినంత సేపు. నాలాంటి బద్ధకస్తుడి కోసమే ఏ మహానుభావుడో కనిపెట్టాడని మురిసిపోయా. జపాన్ స్పీడ్ స్కేటింగ్ క్రీడాకారులు చేసే కసరత్తుని ఇజుమి తబాతా పరీక్షించి 1996లో ఫలితాలు ప్రకటించాడనీ, పరీక్షలో సైకిలు తొక్కినవాళ్లు కండలు తిరిగిన వ్యాయామ విద్యార్థులనీ, ఏడెనిమిది విడతలకి వాళ్లే చేతులెత్తేసేంత తీవ్రంగా తొక్కించారనీ కిందే రాసుంది. కిందిదాకా ఎవరు చదువుతారండీ? మీరు చదువుతారా? నిజం చెప్పండి.

ముందు బూట్లు కొన్నాను. చెమట పీల్చే టీషర్టు, మణికట్టుకి పట్టీ కూడా. నా శిక్షణలో ఏ లోటూ జరగని ఘట్టం ఇదొక్కటే.

తెల్లారి డాబా మీద గుంజీళ్లు. మొదటి విడతలో నేను 2001లో ఆల్ ఇంగ్లండ్ కొట్టిన పుల్లెల గోపీచంద్‌ని. రెండోదానికి నేను నేనే. మూడోదానికి ఊపిరి, నాలుగోదానికి మోకాళ్లు, ఐదోదానికి పట్టపగలు చుక్కలు, ఆరోదానికి పక్క డాబా పిన్నిగారు వడియాలొదిలేసి "ఏమైంది నాయనా!" అని కేకలు. నీళ్ల ట్యాంకు పక్కన వెల్లకిలా పడుండి "కూల్‌డౌనండీ" అన్నాను.

మర్నాడు మెట్లెక్కగలను, దిగలేను. రెయిలింగు పట్టుకుని వెనక్కి వెనక్కి దిగుతూ, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది" అని ఉపన్యాసమిచ్చాను. ఫిజియోథెరపీ చదువుతున్న మేనకోడలికి కూడా!

"అది గంటా రెండు గంటల్లో పోతుంది మావయ్యా. అలవాటు లేని కండరం సాగుతూ బరువు మోస్తే లోపల సన్నసన్నగా దెబ్బతింటుంది. అందుకే దిగేటప్పుడే నీకు బాధెక్కువ. రేపు ఇంకాస్త పెరగొచ్చు కూడా."

"తెలుసులే" అన్నాను. అంటూనే కుర్చీలోంచి లేవడానికి దాని చెయ్యి పట్టుకున్నాను.

పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగంతో రోజూ నడవమంది, కొన్ని వారాల తర్వాతే మిగతావట. మాట్లాడే భాగం మొదటిరోజే పట్టుబడింది. నడక ఇంకా ప్రాక్టీసులో ఉంది.